పైథాన్ స్క్రిప్టులో కరెక్ట్ టైమ్ కావాలంటే సర్వర్‌ని ఏం అడగాలి?

ముందు మీ సమస్య ఏమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం. రైస్ మిల్లులో కాటా దగ్గర ఒక పీసీ, దాని పక్కనే ఉన్న బూమ్ గేటుకి ఇంకో పీసీ ఉన్నాయి. రెండింటిలోనూ మీరు రాసిన పైథాన్ స్క్రిప్టులు నడుస్తున్నాయి. తూకం సేవ్ అవగానే గేటు లేవాలి, లేస్తోంది కూడా. కానీ రికార్డులో మాత్రం గేటు ముందు లేచి, తూకం తర్వాత పడినట్టు కనిపిస్తోంది. ఆడిట్‌లో అడిగారు. గడియారాలు కలపడానికి మీరు ఒక వెబ్‌సైట్ తన జవాబుతో పాటు పంపే హెడర్‌లోని తేదీ, సమయం తీసుకుని పీసీలకి పెడుతున్నారు. అయినా ఒకటి రెండు సెకన్ల తేడా పోవడం లేదు, అప్పుడప్పుడు స్క్రిప్టు అక్కడే ఇరుక్కుపోతోంది. 48 బైట్లు పంపే ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీద గడియారాలు కలిపే పద్ధతి) కోడ్ ఒకటి దొరికింది, దాన్ని నమ్మొచ్చా అన్నారు.

నమ్మొచ్చు. కానీ ఆ కోడ్ చాలాచోట్ల సగమే ఉంటుంది. టైమ్ సర్వర్‌ని ‘ఇప్పుడు టైమ్ ఎంత’ అని అడిగితే, ఆ జవాబు మన దగ్గరికి చేరేసరికే పాతదైపోతుంది. అడగాల్సింది ‘నా గడియారం ఎంత తప్పుగా ఉంది’ అని. ఎన్‌టీపీని కట్టిందే ఆ లెక్క కోసం. డెలావేర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేవిడ్ మిల్స్ 1980ల్లో దీన్ని రూపొందించినప్పుడు నెట్‌వర్క్‌లు ఇప్పటికంటే ఎంతో నెమ్మది. ప్యాకెట్ దారిలో ఎంతసేపు ఆగిందో తెలియకుండా టైమ్ తెలుసుకోలేమన్నది ఆయన మొదట్లోనే పట్టుకున్న విషయం.

వెబ్ హెడర్ పద్ధతి ఎందుకు పనికిరాదో చూద్దాం. ఆ తేదీలో సెకన్ల వరకే ఉంటుంది, ఆ కింద భాగం ఉండదు. అంటే అక్కడే దాదాపు ఒక సెకను వరకు తప్పు వచ్చేస్తుంది. పైగా కనెక్షన్ కలవడానికి, ఎన్‌క్రిప్షన్ మాటామంతీకి కొంత సమయం పోతుంది. మధ్యలో క్యాష్ ఉంటే అది దాచిపెట్టిన పాత జవాబే, పాత తేదీతో సహా రావచ్చు. రెండు పీసీలూ ఇలా విడివిడిగా టైమ్ తెచ్చుకుంటే వాటి మధ్య రెండు సెకన్ల తేడా రావడంలో వింతేమీ లేదు.

ఇక అసలు లెక్క. దీన్ని ఒక ఉదాహరణతో చూడండి, ఒక్కసారి అర్థమైతే మిగతాదంతా దానంతటదే వస్తుంది. మీ పీసీ గడియారం 10.000 సెకన్లు చూపిస్తున్నప్పుడు ప్యాకెట్ పంపారు. సర్వర్ తన గడియారంలో 12.530 దగ్గర దాన్ని అందుకుంది, 12.531 దగ్గర జవాబు పంపింది. ఆ జవాబు మీకు చేరినప్పుడు మీ గడియారంలో 10.061 ఉంది. ఈ నాలుగు అంకెలే ముడిసరుకు. వెళ్ళేటప్పుడు కనిపించిన తేడా 12.530లోంచి 10.000 తీసేస్తే 2.530. వచ్చేటప్పుడు కనిపించిన తేడా 12.531లోంచి 10.061 తీసేస్తే 2.470. రెండూ కలిపి సగం చేస్తే 2.500. మీ గడియారం రెండున్నర సెకన్లు వెనకబడి ఉందన్నమాట. ప్రయాణానికి పట్టింది ఎంత? మొత్తం 0.061లోంచి సర్వర్ దగ్గర గడిచిన 0.001 తీసేస్తే 0.060, అంటే రానూపోనూ 60 మిల్లీసెకన్లు.

మీకు దొరికిన కోడ్ లాంటివి సర్వర్ పంపిన 12.531ని తీసుకుని అదే ఇప్పటి టైమ్ అంటాయి. అది చేరేసరికి అసలు టైమ్ 12.561. అంటే 30 మిల్లీసెకన్లు తప్పు. మంచి ఫైబర్ లైన్ మీద ఇది పెద్ద విషయం కాదు. మొబైల్ హాట్‌స్పాట్ మీద అరసెకను పట్టిందంటే మాత్రం ఆ తప్పు లెక్కలోకి వస్తుంది.

పై లెక్కలోనూ ఒక ఊహ ఉంది: వెళ్ళే దారికి, వచ్చే దారికి సమానంగా సమయం పట్టిందని. ఎవరో పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేస్తుండగా మీ ప్యాకెట్ వెళ్ళడానికి 340, రావడానికి 60 మిల్లీసెకన్లు పట్టాయనుకోండి. అప్పుడు లెక్క 140 మిల్లీసెకన్లు పక్కకి పోతుంది. ఏం జరిగినా తప్పు మాత్రం మొత్తం ప్రయాణ సమయంలో సగాన్ని మించదు. కాబట్టి తేడాతో పాటు ప్రయాణ సమయాన్ని కూడా లాగ్‌లో రాయండి. ప్రయాణ సమయం రాయని టైమ్ రీడింగ్‌ని ఎంతవరకు నమ్మాలో చెప్పడానికి ఆధారమే ఉండదు.

ఇప్పుడు కోడ్. యూడీపీ (చేరిందో లేదో చూడకుండా ప్యాకెట్ పంపేసే పద్ధతి) సాకెట్ ఒకటి తెరవండి, పోర్టు 123. 48 బైట్ల ప్యాకెట్‌లో మొదటి బైటు 35 పెట్టండి. ఆ బైటులో పైన రెండు బిట్లు లీప్ సూచిక (లీప్ సెకను రాబోతోందా అని చెప్పేది), తర్వాతి మూడు వెర్షన్, చివరి మూడు మోడ్. వెర్షన్ 4, క్లయింట్ మోడ్ 3 కలిస్తే 35 అవుతుంది. పాత కోడ్‌లో 27 కనిపిస్తే కంగారు పడకండి, అది వెర్షన్ 3, సర్వర్లు దానికీ జవాబిస్తాయి. మిగతా బైట్లన్నీ సున్నాలు, చివరి ఎనిమిది తప్ప. ఆ ఎనిమిది బైట్లలో ఒక యాదృచ్ఛిక సంఖ్య పెట్టండి. ఎందుకో కింద చెబుతాను.

జవాబు కూడా 48 బైట్లే. స్ట్రక్ట్ మాడ్యూల్‌కి ఆశ్చర్యార్థకం, 12, క్యాపిటల్ ఐ అని ఫార్మాట్ ఇస్తే పన్నెండు పూర్ణాంకాలు వస్తాయి. ఆ ఆశ్చర్యార్థకం మర్చిపోతే బైట్లు తారుమారై ఏ కాలపు తేదీయో వస్తుంది. సున్నా నుంచి లెక్కపెడితే 6, 7 మనం పంపిన సంఖ్య, 8, 9 సర్వర్ అందుకున్న సమయం, 10, 11 సర్వర్ పంపిన సమయం. ప్రతి జంటలో మొదటిది సెకన్లు, రెండోది సెకనులో భాగం. ఆ భాగాన్ని 4294967296తో, అంటే రెండు టు ది పవర్ 32తో భాగించి సెకన్లకి కలపాలి. నెట్‌లో తిరిగే కోడ్‌లో ఎక్కువగా వదిలేసేది ఇదే. అది వదిలేస్తే మళ్ళీ వెబ్ హెడర్ దగ్గరికే వచ్చినట్టు.

ఎన్‌టీపీ లెక్క 1900 జనవరి 1 నుంచి మొదలవుతుంది, పైథాన్ లెక్క 1970 జనవరి 1 నుంచి. మధ్యలో 25567 రోజులు, అంటే 2208988800 సెకన్లు. దాన్ని తీసేయాలి. ఈ సంఖ్య కోడ్‌లో ఎక్కడైనా కనిపిస్తే అది ఇదే. పనిలో పనిగా ఇంకో జాగ్రత్త: ఈ 32 బిట్ల సెకన్ల లెక్క 2036 ఫిబ్రవరి 7న, మన టైమ్ ప్రకారం ఉదయం 11 గంటల 58 నిమిషాల 16 సెకన్లకి నిండిపోయి మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. మిల్లుల్లో పెట్టిన స్క్రిప్టులు పదేళ్ళు కదలకుండా నడుస్తుంటాయి కాబట్టి ఇప్పుడే రాసిపెట్టండి: సెకన్ల సంఖ్యలో అన్నిటికంటే పై బిట్ సున్నా అయితే 4294967296 కలపాలి. ఒక్క లైను పని.

ఇవన్నీ చేతితో రాయడం ఎందుకనుకుంటే ఎన్‌టీపీలిబ్ అనే చిన్న ప్యాకేజీ ఉంది. బాగానే పనిచేస్తుంది. ఉదాహరణల్లో చాలామంది దాని జవాబులోని టీఎక్స్ టైమ్ (సర్వర్ పంపిన సమయం) ప్రింట్ చేసి ఊరుకుంటారు. అది కాదు, మీకు కావాల్సినవి దానిలోని ఆఫ్‌సెట్ (గడియారాల తేడా), డిలే (ప్రయాణ సమయం).

చేతితో రాస్తే మాత్రం కొన్నిచోట్ల కళ్ళు పెట్టుకుని ఉండాలి. అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది సర్వర్ పేరుని అడ్రస్‌గా మార్చుకునే డీఎన్ఎస్ పని. పంపే సమయం నోట్ చేసుకుని, ఆ తర్వాత సర్వర్ పేరు ఇచ్చి పంపితే, పైథాన్ ముందు ఆ పేరు వెతుకుతుంది. దానికి 200 మిల్లీసెకన్లు పడితే అదంతా ‘వెళ్ళే దారి’ ఖాతాలో పడుతుంది, లెక్క 100 మిల్లీసెకన్లు పక్కకి పోతుంది. మొదటిసారి రీడింగ్ వింతగా ఉండి, రెండోసారి నుంచి బాగుంటోందంటే కారణం తరచుగా ఇదే. కాబట్టి ముందు అడ్రస్ తెచ్చుకోండి, సాకెట్‌ని ఆ అడ్రస్‌కి కనెక్ట్ చేయండి, ఆ తర్వాతే టైమ్ నోట్ చేసి పంపండి. యూడీపీకి కనెక్ట్ ఎందుకంటారా? అలా చేస్తే ఆ అడ్రస్ నుంచి వచ్చిన ప్యాకెట్లు మాత్రమే మీకు చేరతాయి.

జవాబు అందగానే, దాన్ని విప్పడానికి ముందే, టైమ్ నోట్ చేసుకోవాలి. ఇక్కడ విండోస్‌లో ఒక చిక్కు ఉంది. పైథాన్ 3.13కి ముందు వెర్షన్లలో మామూలు టైమ్ ఫంక్షన్ విండోస్ మీద దాదాపు 15.6 మిల్లీసెకన్లకి ఒకసారి మాత్రమే ముందుకి కదులుతుంది. అందుకని పంపేటప్పుడు మామూలు టైమ్‌తో పాటు పెర్ఫ్ కౌంటర్ (చిన్న వ్యవధులు కచ్చితంగా కొలిచే పైథాన్ ఫంక్షన్) కూడా చదవండి, జవాబు వచ్చాక పెర్ఫ్ కౌంటర్ ఒక్కటే చదివి ఆ తేడాని మొదటి టైమ్‌కి కలపండి. మధ్యలో విండోస్ తన గడియారాన్ని సర్దుకున్నా మీ లెక్క చెడదు.

మీ స్క్రిప్టు ఇరుక్కుపోవడం సంగతి చూద్దాం. టైమౌట్ పెట్టని సాకెట్ జవాబు రాకపోతే అలా ఎదురు చూస్తూనే ఉంటుంది. వెబ్ కోడ్‌లోనూ అదే జరిగి ఉంటుంది. యూడీపీలో ప్యాకెట్ దారిలో పోతే పోయినట్టే, మళ్ళీ పంపేవాళ్ళు ఉండరు. రెండు సెకన్ల టైమౌట్ పెట్టండి, రాకపోతే వేరే సర్వర్‌కి వెళ్ళండి.

వచ్చిన ప్రతి జవాబునీ నమ్మకూడదు. మోడ్ 4 (అంటే సర్వర్) ఉందా, లీప్ సూచిక 3 కాకుండా ఉందా చూడండి. 3 అంటే ఆ సర్వర్ గడియారమే ఇంకా సరికాలేదని అర్థం. రెండో బైటు స్ట్రేటమ్. అణు గడియారానికో జీపీఎస్‌కో నేరుగా కట్టిన సర్వర్ 1, దాన్ని చూసి నడిచేది 2, అలా 15 వరకు. అది సున్నాగా వస్తే జవాబులో టైమ్ లేదు, సర్వర్ మిమ్మల్ని ఆగమంటోంది. పదమూడో బైటు (సున్నా నుంచి లెక్కపెడితే 12) నుంచి నాలుగు అక్షరాల్లో కారణం ఉంటుంది. అక్కడ రేట్ అని ఉంటే మీరు మరీ తరచుగా అడుగుతున్నట్టు, డినై అని ఉంటే ఇక రావద్దన్నట్టు. ఇందాకటి యాదృచ్ఛిక సంఖ్య ఇక్కడ పనికొస్తుంది. నిజమైన సర్వర్ దాన్ని అలాగే 6, 7 స్థానాల్లో తిప్పి పంపుతుంది. కలవకపోతే ఆ ప్యాకెట్ పారేయండి, అది పాత జవాబైనా అయ్యుండాలి, ఎవరో పుట్టించిందైనా అయ్యుండాలి.

సర్వర్ల విషయానికొస్తే, మన దేశంలో భారత ప్రామాణిక కాలాన్ని నిలబెట్టేది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ. వాళ్ళ సర్వర్ టైమ్ డాట్ ఎన్‌పీఎల్ఇండియా డాట్ ఆర్గ్. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ వాళ్ళవి సమయ్1 డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్, సమయ్2 డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, డేటా సెంటర్లు తమ సిస్టమ్స్ గడియారాలని ఈ రెండు సంస్థల సర్వర్లకి గానీ, వాటిని ఆధారం చేసుకున్న సర్వర్లకి గానీ కలపాలి. మీ దగ్గర ఆడిట్ మాట వచ్చింది కాబట్టి వీటినే ముందు పెట్టండి. తోడుగా ఇన్ డాట్ పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఆర్గ్ పెట్టుకోవచ్చు, అది స్వచ్ఛందంగా నడిచే సర్వర్ల గుంపు. గూగుల్ టైమ్ సర్వర్‌ని మాత్రం వీటితో కలపకండి. లీప్ సెకను (గడియారాలని భూమి తిరుగుడుతో కలపడానికి అప్పుడప్పుడు చేర్చే అదనపు సెకను) వచ్చినప్పుడు గూగుల్ దాన్ని 24 గంటల మీద పలచగా పరిచేస్తుంది, మిగతావి ఒక్కసారిగా చేర్చుకుంటాయి. ఆ రోజు రెండూ కలవవు. చివరి లీప్ సెకను 2016 డిసెంబర్ 31న వచ్చింది, మనకి అది 2017 జనవరి 1 ఉదయం ఐదున్నరకి ముందు చేరిన సెకను. 2035 నాటికి ఈ పద్ధతినే మార్చాలని 2022లో అంతర్జాతీయంగా నిర్ణయించారు కూడా.

ఒకే సర్వర్ మాట వినకండి. నాలుగు సర్వర్లని ఒక్కోదాన్ని ఒకసారి చొప్పున అడగండి, ప్రయాణ సమయం తక్కువ ఉన్న జవాబుకి ఎక్కువ విలువ ఇవ్వండి. దారిలో తక్కువసేపు గడిపిన ప్యాకెట్‌లో తప్పుకి చోటు తక్కువ. మూడు సర్వర్లు ఒక మాట చెప్పి నాలుగోది రెండు సెకన్లు దూరంగా ఉంటే దాన్ని పక్కన పెట్టండి. సగటు మాత్రం తీయకండి, ఒక్క చెడ్డ జవాబు మిగతా మూడింటినీ పాడుచేస్తుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే స్క్రిప్టులు రాసేవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. 2003లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ టైమ్ సర్వర్ మీద ఒక్కసారిగా ప్యాకెట్ల వరద పడింది. వెతికితే తేలిందేమిటంటే, నెట్‌గేర్ కంపెనీ రౌటర్లలో కొన్ని మోడళ్ళకి ఆ సర్వర్ అడ్రస్‌ని కోడ్‌లోనే రాసేశారు. జవాబు రాకపోతే సెకనుకోసారి మళ్ళీ అడిగేలా పెట్టారు. లక్షల రౌటర్లు కలిసి సెకనుకి 2,50,000 ప్యాకెట్ల దాకా పంపాయి. వైల్ ట్రూ లూపులో, జవాబు రాకపోతే సెకను ఆగి మళ్ళీ అడుగు అని మనం రాసే కోడ్ అచ్చంగా ఇదే. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ తన సర్వర్లని నాలుగు సెకన్లకి ఒకసారికంటే ఎక్కువ అడగొద్దంటుంది. అది గరిష్ఠ పరిమితి, మీ అవసరం అంత లేదు. గంటకోసారి చాలు. జవాబు రాకపోతే ఆగే సమయాన్ని రెట్టింపు చేసుకుంటూ పోండి. సరిగ్గా గంట కొట్టినప్పుడే అడగకండి, ప్రపంచంలోని స్క్రిప్టులన్నీ అప్పుడే లేస్తాయి. కొన్ని నిమిషాలు అటూ ఇటూ యాదృచ్ఛికంగా జరపండి. అడ్రస్ అంకెలు కాకుండా పేరే వాడండి.

గంటకోసారి చాలా అంటే లెక్క వేసి చూద్దాం. పీసీ బోర్డు మీద క్వార్ట్జ్ స్ఫటికం పది లక్షల్లో 20 వంతులు తప్పు నడిచిందనుకుంటే, రోజుకి 1.7 సెకన్లు, గంటకి 72 మిల్లీసెకన్లు. ఎండాకాలంలో మిల్లు షెడ్డులో వేడికి ఈ నడక మారుతుంది కూడా. మీకు కాటాకి, గేటుకి మధ్య సెకనులో ఐదో వంతు తేడా తెలిస్తే చాలు కాబట్టి గంట సరిపోతుంది.

మధ్యలో టైమ్ కావాలంటే ప్రతిసారీ సర్వర్ దగ్గరికి పరుగెత్తక్కర్లేదు. సర్వర్‌ని అడిగినప్పుడు వచ్చిన సరైన టైమ్‌ని, ఆ క్షణంలో మోనోటోనిక్ కౌంటర్ (ఎప్పుడూ వెనక్కి తిరగని పైథాన్ లెక్క) విలువని జతగా దాచుకోండి. తర్వాత ఎప్పుడు కావాలన్నా, కౌంటర్ ఎంత పెరిగిందో చూసి ఆ టైమ్‌కి కలపండి. ఎవరైనా పీసీ గడియారం మార్చినా మీ స్క్రిప్టు చెదరదు. ఒక్క మినహాయింపు: లినక్స్‌లో మెషీన్ నిద్రలోకి వెళ్తే ఈ కౌంటర్ ఆగిపోతుంది, లేవగానే మళ్ళీ సర్వర్‌ని అడగాలి.

స్క్రిప్టుతో పీసీ గడియారాన్నే మార్చొచ్చా అంటే, మార్చొచ్చు, కానీ వద్దు. గడియారాన్ని ఒక్కసారిగా వెనక్కి తిప్పితే ఒకే సెకను రెండుసార్లు వస్తుంది. మీ రికార్డులు తారుమారు కావడానికి ఇదీ ఒక కారణమై ఉండొచ్చు. ఆ పనికి లినక్స్‌లో క్రోనీ ఉంది, విండోస్‌లో టైమ్ సర్వీస్ ఉంది. అవి మామూలుగా గడియారాన్ని లాగిపెట్టి తిప్పకుండా, కొంచెం వేగంగానో నెమ్మదిగానో నడిపి దారికి తెస్తాయి. పాత ఎన్‌టీపీ డీమన్ (వెనక నడిచే ప్రోగ్రాం) అలా నడిపేది పది లక్షల్లో 500 వంతుల వేగంతోనే. ఆ లెక్కన రెండున్నర సెకన్లు సర్దడానికి గంటన్నర దగ్గర పడుతుంది. అంత ఓపికగా చేసేపని స్క్రిప్టుకి అప్పగించకండి. స్క్రిప్టు పని కాపలా కాయడం: తేడా ఎంతుందో కొలిచి, 200 మిల్లీసెకన్లు దాటితే అలారం ఇవ్వాలి.

టైమ్ జోన్ గురించి ఒక్క మాట. సర్వర్ ఇచ్చేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), దానికి మన టైమ్ తెలియదు. దానికి 19800 సెకన్లు, అంటే ఐదున్నర గంటలు చేతితో కలిపి, తర్వాత లోకల్ టైమ్‌గా మార్చే ఫంక్షన్‌కి ఇస్తే యూటీసీ కంటే పదకొండు గంటలు, అంటే మన టైమ్ కంటే ఐదున్నర గంటలు ముందుకి పోతుంది. డేటాబేస్‌లో యూటీసీనే దాచండి, స్క్రీన్ మీద చూపించేటప్పుడు పైథాన్‌లోని జోన్ఇన్ఫో మాడ్యూల్‌తో ఆసియా కోల్‌కతాకి మార్చండి. విండోస్ మీద దానికి టీజెడ్ డేటా ప్యాకేజీ విడిగా ఇన్‌స్టాల్ చేయాలి.

ఇదంతా తెలుసుకున్నాక మీ మిల్లుకి నేనేం చేస్తానంటే, రెండు పీసీలనీ విడివిడిగా ఇంటర్నెట్‌కి వదలను. మీకు ప్రపంచంతో కలవడం కంటే ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవడం ముఖ్యం. ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక చిన్న లినక్స్ మెషీన్‌లో క్రోనీ పెట్టి, పైన చెప్పిన సర్వర్లకి దాన్ని కలపండి. దాని కాన్ఫిగ్‌లో అలౌ అనే లైనులో మీ లోకల్ నెట్‌వర్క్ అడ్రస్ ఇవ్వండి, లోకల్ స్ట్రేటమ్ 10 అని ఇంకో లైను పెట్టండి. ఇంటర్నెట్ పోయినా అది జవాబిస్తూనే ఉంటుంది, రెండు పీసీలూ దాన్నే చూస్తాయి కాబట్టి కలిసే ఉంటాయి. లోకల్ నెట్‌వర్క్‌లో ప్రయాణం మామూలుగా మిల్లీసెకను లోపే. రాస్ప్‌బెర్రీ పై పెడితే మాత్రం బ్యాటరీ ఉన్న గడియారం మాడ్యూల్ తగిలించండి. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు దానికి టైమే తెలియదు, ఇంటర్నెట్ కూడా లేని ఉదయం రెండు పీసీలకీ తప్పు టైమ్ పంచుతుంది. ఆఫీసు ఫైర్‌వాల్ పోర్టు 123ని ఆపుతుంటే ఆ ఒక్క మెషీన్‌కి మాత్రం తెరవమనండి, రెండు పీసీలకి అడగడం కంటే ఒకదానికి అడగడం తేలిక.

సీసీ కెమెరాల డీవీఆర్ సెట్టింగ్స్‌లో కూడా ఎన్‌టీపీ సర్వర్ అడ్రస్ అడిగే గడి ఉంటుంది. అక్కడా ఇదే మెషీన్ అడ్రస్ ఇవ్వండి. రేపు ఆడిటర్ ఫలానా లారీ తూకం చూపించమంటే వీడియో మీది టైమ్, కాటా రికార్డు, గేటు రికార్డు మూడూ ఒకే లెక్కలో ఉంటాయి. కాన్ఫిగ్ రాశాక క్రోనీసీ ట్రాకింగ్ కమాండ్ ఇచ్చి, వచ్చిన అవుట్‌పుట్ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.